నురుగు పుల్లలు వెతుక్కుంటూ అరకు కొండల్లో

అరకు వెళ్లొచ్చానంటే అందరూ ముందు ఫొటోలు చూపించమంటారు. నా ఫోనులో ఉన్నవాటిలో ముప్పాతిక వంతు నల్ల కాగితం మీద పెట్టిన తెల్ల స్పాంజి ముక్కలే. ఒక్కదాంట్లో మాత్రం మా నాయుడుగారు బొర్రా దగ్గర టీ కొట్టులో పెనం ముందు నిలబడి పెళ్లికొడుకులా నవ్వుతున్నారు. మా అక్క అన్నీ చూసి ఫోను తిరిగిచ్చేస్తూ, "నీకు పిచ్చి పట్టిందే" అంది. ఆ నాలుగు రోజులూ కొంచెం పట్టిన మాట నిజమే.

మాది తెనాలి దగ్గర పల్లె. ఉద్యోగం విశాఖపట్నంలో, ఒక ప్రయోగశాలలో. అక్కడ మేం తయారుచేసేది ఒక రకం నురుగు స్పాంజి. దాన్ని వేడిచేసి, నలిపి, ఊదొత్తి అంత సన్నగా చేసి చల్లారిస్తే అలాగే ఉండిపోతుంది. తడీ, ఒంటి వెచ్చదనమూ కలిసి తగిలితే మాత్రం తన పాత ఆకారం గుర్తు తెచ్చుకుని బొటనవేలంత లావున విచ్చుకుంటుంది. లోతైన గాయంలో అలాంటి పుల్ల ఒకటి పెడితే లోపలే ఉబ్బి సందులన్నీ నింపేసి రక్తం ఆపాలన్నది మా ఆశ. చిక్కల్లా దాని ఒళ్లు. ఆ నురుగు గోడలు ఎంత పల్చనివంటే, నలిపి విప్పేసరికి విరిగి పొడి రాలుతుంది. ఆ పొడి రక్తంలో కలిస్తే మనిషికే ప్రమాదం. అందుకని తయారీలోనే సిలికా రేణువులు కలిపాం. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండని నానో రేణువులు. గోడకి ఇనుప ఊచల్లా అవి బలాన్నిస్తాయి.

ల్యాబులో ఇచ్చాయి కూడా. కానీ ల్యాబులో ఏసీ ఉంది. ఈ పుల్లలు నిజంగా అవసరమయ్యేది ఆసుపత్రి దూరంగా ఉన్న చోట, తడి గోడల గదుల్లో, తుప్పుపట్టిన బీరువాల్లో. అందుకే శ్రావణం వానల్లో కొండల మీద మూడు చోట్ల మూడు పొట్లాలు పెట్టి వచ్చాం. ఒక్కో దాంట్లో ఎర్రదారం కట్టిన పుల్లలు రెండు, నీలిదారం కట్టినవి రెండు. ఎర్రవి ఉత్త నురుగు, నీలివి రేణువులు కలిపినవి. కార్తీకం చివర వాటిని తెరిచి చూడాలి. నీలివి కూడా పొడైపోతే ఈ పని ఆపి వేరేది చూసుకుందామని మా పెద్దసారు మెత్తగానే చెప్పారు. నాలుగేళ్ల పని అది.

రైలు

నాతో వచ్చింది అప్పలనాయుడు గారు. మా ల్యాబులో యంత్రాలు నడిపే మనిషి, విజయనగరం పక్క పల్లె, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ప్రతి పుల్లనీ నలిపి సన్నగా చేసేది ఆయన చేతులే. అరకు మీదుగా పోయే కిరండూల్ బండి ఎక్కగానే కిటికీ పక్క సీటు నాకిచ్చేసి, "నాకు ఘాటు రోడ్డన్నా, ఘాటు రైలన్నా కడుపులో తిప్పుతాది మేడమ్. లోయ నానూ సూడను, నాకు సూపించకండి" అని చెప్పి కళ్లు మూసుకున్నారు.

సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో జనమంతా ఒక్కసారిగా కేకలు పెడుతున్నారు. మొదటి సొరంగంలో నేను సిగ్గుపడి ఊరుకున్నాను. మూడోదానికి నా గొంతే అందరికంటే పైన ఉంది. నాయుడుగారు ఒక కన్ను తెరిచి, "మన పుల్లలు బాగుంటాయా అని భయమా మీకు, సంతోషమా?" అన్నారు. రెండూనని చెప్పాను.

టైడా

టైడాలో దిగేది మేమిద్దరమే. స్టేషను దాటితే అడవే. ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు కుమారి మా మొదటి పొట్లాన్ని అప్పటినుంచీ రిజిస్టర్ల బీరువాలో దాచి ఉంచింది. బీరువా తెరిస్తే ముక్కిన వాసన. రిజిస్టర్ల అట్టల మీద తెల్లటి బూజు. ఆ బూజు చూసి నా ప్రాణం సగం పోయింది.

"పొట్లం విప్పడం తరవాత. ముందు తినండి" అంది కుమారి. మా తెనాలి వైపు కొత్తవాళ్లని ముందు ఊరడుగుతారు, ఆ తర్వాత ఇంటిపేరు అడుగుతారు, అవి కుదిరాక కుర్చీ వేస్తారు. ఇక్కడ కుమారి నా పేరైనా సరిగ్గా గుర్తులేకుండానే చోడి అంబలి, అంటే రాగి జావ గిన్నె చేతిలో పెట్టేసింది. పక్కన పచ్చిమిరపకాయ, కాల్చిన ఎండుచేప. పుల్లగా, చల్లగా గొంతులోంచి జారిపోయింది. ఒక్క ఉండ లేదు. నేను ఇంట్లో చేస్తే ఉండలే తప్ప అంబలి ఉండదు. ఎలా చేశావని అడిగాను.

"పిండి మరిగే నీళ్లలో పోత్తే ఉండ కట్టదా మరి. ముందు సల్లనీళ్లలో కలుపుకోవాల. అప్పుడు పొయ్యి మీది నీళ్లలో పోయాల" అంది.

నాయుడుగారూ నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వడం మొదలుపెట్టాం. మా రేణువులు కూడా నురుగులో ఉండలు కట్టేవి. ఉండ కట్టిన చోటే స్పాంజి విరిగేది. ముందు ఒక ద్రవంలో వాటిని విడిగా బాగా కలిపి, ఆ తర్వాతే రెండోది పొయ్యాలని తెలుసుకోవడానికి మాకు ఏడాది పట్టింది. కుమారికి ఇదంతా చెబితే, "నన్నడగాల్సింది" అని ఊరుకుంది.

పొట్లం విప్పాం. స్టీలు గ్లాసులో ఒంటివేడికి సరిపడా నీళ్లు పోసి, థర్మామీటరు పెట్టి, ముందు ఎర్రదారం పుల్ల వేశాను. విచ్చుకుంది. తీసి నల్ల కాగితం మీద రుద్దితే ముగ్గు గీసినట్టు తెల్లగా పొడి. తర్వాత నీలిది. మొగ్గ పువ్వయినట్టు నింపాదిగా, గుండ్రంగా విచ్చుకుంది. కాగితం మీద రుద్దాను. గట్టిగా రుద్దాను. నాయుడుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. కాగితం నల్లగానే ఉంది.

నేను ఆ గదిలో ఒక చుట్టు తిరిగాను, నాట్యమనలేను గానీ నడక మాత్రం కాదు. కుమారి ఆ స్పాంజిని వేళ్లతో నొక్కి చూసి, "బాగున్నాది. మరి వానలో తడి సేత్తో పొట్లం సింపితే? గాయంలో పెట్టకముందే నా సేతిలోనే ఉబ్బిపోదా?" అంది. మాలో ఎవరికీ రాని ప్రశ్న. డైరీలో రాసుకున్నాను.

బొర్రా

రెండో పొట్లం గుహల దారిలో టీ కొట్టు నడిపే గౌరమ్మ దగ్గర ఉంది. అరవయ్యేళ్లుంటాయి, నోట్లో ఎప్పుడూ చుట్ట. గుహల పక్కన తేమ ఎక్కువని ఆ కొట్టునే ఎంచుకున్నాం. ఆవిడ మమ్మల్ని చూడగానే గర్వంగా పైకి చూపించింది. పొయ్యికి సరిగ్గా పైన, వాసానికి కట్టిన తీగకి మా పొట్లం వేలాడుతోంది. మసిపట్టి, అప్పడంలా ఉబ్బిపోయి.

"అక్కడెందుకు కట్టావమ్మా?" అన్నాను. 

"ఈ బాబే సెప్పేడు కదా, తడి తగలకుండా సూడమని. పొయ్యి మీదైతే సెమ్మెక్కడిది?"

నాయుడుగారు నేల చూపులు చూశారు. ఆ మాట ఆయన చెప్పినదే. మూడు నెలలు రోజంతా పొయ్యి సెగ. మా పుల్లలు తడి లేకపోయినా బాగా వేడి తగిలితే విచ్చుకుంటాయి. పొట్లం చింపితే ఎర్రదారాల చుట్టూ పిండి మాత్రమే మిగిలింది. నీలివి రెండూ పూర్తిగా విచ్చుకుని, పొగకి బెల్లం రంగు తిరిగి ఉన్నాయి. బల్ల మీద కూలబడ్డాను. గౌరమ్మ అడక్కుండానే టీ ఇచ్చి, పక్క కొట్టు నుంచి బొంగు చికెన్ తెప్పించింది. పచ్చి వెదురు బొంగులో, నూనె చుక్క లేకుండా, నిప్పుల మీద ఉడికిన కోడి. మా ఇంట్లో కోడికూరంటే పైన ఎర్రగా నూనె తేలాలి. ఇది తింటూంటే వెదురు వాసనా, పచ్చిమిర్చి వాసనా ఒకేసారి వచ్చాయి. దిగులుగా ఉండి కూడా రెండోసారి వడ్డించుకున్నాను.

అప్పటికి నాయుడుగారు ఆ బెల్లం రంగు స్పాంజిని అన్ని వైపులా తిప్పి చూస్తున్నారు. "మేడమ్, ఇది విచ్చుకున్నాది గానీ విరగలేదు. మళ్లీ నలిపితే?"

"ఇక్కడ యంత్రమేదీ?"

ఆయన గౌరమ్మ పెనం వైపు చూశారు.

తర్వాత జరిగింది ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. గౌరమ్మ పెనం తుడిచి సెగ తగ్గించింది. నాయుడుగారు స్పాంజిని రేకులో చుట్టి, పెనం మీద పెట్టి, స్టీలు గ్లాసు అడ్డంగా పెట్టి, చపాతీ వత్తినట్టు దొర్లించారు. ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ నడుమ నా థర్మామీటరు కేసి చూస్తూ, ల్యాబులో ఉన్నంత శ్రద్ధగా. శ్రీకాకుళం నుంచి వనభోజనాలకి వచ్చిన బస్సు జనం టీ తాగడానికి వచ్చి చుట్టూ మూగారు. ఒకాయన, "ఏటి సేత్తన్నారు, ఇది తినేదా?" అని అడిగాడు. సన్నగా అయ్యాక చల్లని బండ మీద పెట్టి, గ్లాసుతో నొక్కి పట్టుకుని, చల్లారేదాకా అలాగే ఉన్నారు. చెయ్యి తీస్తే మళ్లీ పుల్ల. కొంచెం వంకరగా ఉంది, కానీ పుల్లే.

గోరువెచ్చని నీళ్లలో వేశాం. ముప్పై మంది గ్లాసు మీదికి వంగారు. బెల్లం రంగు మొగ్గ మెల్లగా విచ్చుకుంది. ఒక్క రేణువు రాలలేదు. బస్సు జనం చప్పట్లు కొట్టారు. గౌరమ్మ చుట్ట తీసి, "ఏటమ్మా ఇది, దీనికి బుద్ధున్నాది" అంది. ఇందాక చెప్పిన ఫొటో అప్పటిదే. టీకి డబ్బులు తీసుకోనంటే తీసుకోనంది. పొట్లం పాడుచేశానని ఆవిడ బాధ. పాడుచెయ్యలేదమ్మా, మేం పెట్టాలనుకోని పరీక్ష ఒకటి నువ్వు పెట్టావు అని చెబితే, ఇంకో కప్పు పోసింది.

అరకు సంత

అరకులో మాకు పొట్లం లేదు. అయినా ఒక రోజు ఆగాం, ఎందుకంటే సంత రోజు, పైగా నాకు కాళ్లు నేల మీద నిలవడం లేదు. పూత మీదున్న వలిసె చేలు కొండవాలంతా పసుపు పరిచినట్టున్నాయి. సంతలో అల్లం, రాజ్మా, కొండచీపుళ్లు, అడ్డాకుల కట్టలు. మా ఊరి సంతలో ప్రతిదీ కాటా మీదికి ఎక్కుతుంది. ఇక్కడ చాలామంది మానికతో కొలిచి, కొలిచాక దోసిలితో ఇంకొంచెం పోస్తారు. నేను బేరమాడదామని నోరు తెరిచేసరికే ఆ దోసెడు సంచిలో పడిపోయేది. ఇంక ఏం బేరం?

ఒక ముసలమ్మ దగ్గర పసుపు కొన్నాను. పొట్లం నా సంచిలో చిట్లింది. సాయంత్రం చూసుకుంటే నా కుర్తా, డైరీ, టైడా స్పాంజి అన్నీ పసుపు. మూడు నీళ్లు పోసినా స్పాంజి రంగు వదల్లేదు. నాయుడుగారు దాన్ని పట్టుకుని, "దీనికి పెళ్లి కుదిరినట్టుంది మేడమ్" అన్నారు. కాఫీ కొట్టులో ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాం. కప్పు కాఫీ నలభై రూపాయలు. మా ఊళ్లో అయితే ఆ ధరకి నలుగురం తాగుతాం. కానీ కొండ మీద కాసిన గింజ కొండ మీదే తాగాలని అప్పుడు తెలిసింది. రెండోది కూడా చెప్పాం.

హుకుంపేట

హుకుంపేట దాటి లోపలికి వెళ్లాక, మూడో పొట్లం ఉన్న ఉపకేంద్రం. నర్సు మంగమ్మ టీకాలు వేసే రోజు అది. వరండా నిండా చంటిపిల్లల తల్లులు. ఆవిడ పని అయ్యేవరకు ఊరికే కూర్చోలేక నాయుడుగారు టైడాలో మిగిలిన నీలిదారం పుల్ల నీళ్లలో వేసి చూపించారు. "లోతు గాయంలో పెడితే రక్తం ఆపుతాది" అని చెప్పారు. తల్లులందరూ వింతగా చూశారు. వాళ్లలో కొండమ్మ అనే ఆవిడ మాత్రం దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నొక్కి చూసింది.

టీకాలయ్యాయి. మంగమ్మ బీరువాలోంచి మా పొట్లం తీసి చేతిలో పెట్టుకుంది. అప్పుడే బయట కేకలు వినిపించాయి. ఇద్దరు మనుషులు మోటారు సైకిలు మీద నడుమ ఒకతన్ని కూర్చోబెట్టి తెచ్చారు. వెదురు నరుకుతుంటే కత్తి జారి తొడలో దిగింది. చుట్టిన తువ్వాలు నల్లగా తడిసిపోయింది. అతను సోమన్న, కొండమ్మ పెనిమిటి.

మంగమ్మ ఒక్క మాట వృథా చెయ్యలేదు. అతన్ని పడుకోబెట్టి, గాజుగుడ్డ మడతలు మడతలుగా గాయంలోకి కుక్కి, నా రెండు అరచేతులూ లాగి దాని మీద పెట్టింది. "మొత్తం బరువెయ్యండి. ఎత్తి సూడకండి."

కొండమ్మ నా భుజం పట్టుకుంది. ఏడవడం లేదు. "అది పెట్టండి. రక్తం ఆపుతాదన్నారు కదా."

మా మూడో పొట్లం ఆ గదిలోనే ఉంది. అందులో నీలిదారం పుల్లలు ఉన్నాయి. నాలుగేళ్లుగా నేను చేసింది ఈ ఒక్క నిమిషం కోసమే.  మంగమ్మ నా మొహం చూసింది. "మనుషులకి పెట్టి సూశారా?" అని అడిగింది. లేదన్నాను. జంతువుల మీద కూడా ఇంకా చెయ్యలేదు.

"అయితే అది ఇంకా మందు కాదు. నొక్కండి" అంది.

"కొండమ్మా, అది లోపల ఏం చేస్తుందో నాకే పూర్తిగా తెలీదు. తెలీనిది నీ మనిషికి పెట్టలేను" అన్నాను. ఆవిడ నా వైపు ఒక్క క్షణం చూసి, భుజం వదిలేసి, వెళ్లి భర్త తల ఒళ్లో పెట్టుకుంది.

సంత సరుకు వేసే జీపు దొరికింది. పాడేరు ఆసుపత్రి వరకు నేను చేతులు తియ్యలేదు. గుడ్డ ఎత్తి ఒక్కసారి చూద్దామని ప్రతి మలుపులో అనిపించింది. చూడటమే కదా నా ఉద్యోగం. మంగమ్మ ప్రతిసారీ అది కనిపెట్టి, "ఎత్తకండి" అనేది. లోయంటే భయపడే నాయుడుగారు జీపు వెనక తలుపు పట్టుకుని నిలబడి, సోమన్న కాళ్లు ఎత్తి పట్టుకుని, దారి పొడుగునా అతని చేత అతని మేకల పేర్లు చెప్పించారు.

డాక్టర్లు అతన్ని లోపలికి తీసుకెళ్లారు. కొళాయి కింద చేతులు ఎంతసేపు కడిగానో తెలీదు. ప్రాణానికి ఫర్వాలేదని చీకటి పడేముందు చెప్పారు. కొండమ్మ వార్డు మెట్ల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. అరటిపండు తుంచి నాకు సగం ఇచ్చింది. 

పాడేరు

పొద్దున్న మంగమ్మ తన చేతిసంచిలోంచి మా మూడో పొట్లం తీసింది. హడావుడిలో అందులో పడేసిందట. వార్డులో సోమన్న దిండుకి ఆనుకుని టీ తాగుతున్నాడు. రాత్రి అతని తమ్ముడు వచ్చి, వాళ్ల పదకొండేళ్ల కూతురు సుమతిని కూడా తెచ్చాడు.

"నిన్న నాకు పెట్టనిది ఇదేనా? సూపించండి" అన్నాడు సోమన్న.

అతని మంచం పక్కనే గ్లాసు పెట్టాం. ఎర్రవి పొడి రాలాయి. నీలిది వేశాను. సుమతి గ్లాసుకి ముక్కు ఆనించి చూస్తోంది. టైడాలో, బొర్రాలో విచ్చుకున్నదే, అయినా నేనూ సుమతి పక్కన వంగి చూశాను. గుండ్రంగా, నిండుగా విచ్చుకుంది. సుమతి నల్ల గొడుగు గుడ్డ మీద దాన్ని రుద్దింది. మళ్లీ రుద్దింది. గుడ్డ శుభ్రంగా ఉంది. మంగమ్మ మొదటిసారి నవ్వింది. నాయుడుగారు పక్క మంచం వాళ్లకి కూడా తీసుకెళ్లి చూపించి వచ్చారు. నేను మా పెద్దసారుకి ఫోను చేసి, "మూడు చోట్లా నిలబడింది సార్" అన్నాను. ఆయన రెండోసారి చెప్పమన్నారు. రెండోసారి చెప్పాను. జంతువుల మీద పరీక్షకి అనుమతి కాగితాలు మొదలుపెడదామన్నారు. వార్డు వరండాలో నేను గెంతుతుంటే ఒక నర్సు నిశ్శబ్దంగా ఉండమని సైగ చేసింది.

సోమన్న స్పాంజిని వేళ్ల మధ్య నొక్కి చూశాడు. "మెత్తగున్నాది. మీ సెయ్యి అలగ లేదు. కత్తి కన్నా మీ సెయ్యే ఎక్కువ నొప్పెట్టింది నాకు" అన్నాడు. వార్డంతా నవ్వారు. నేనూ నవ్వాను. కొండమ్మ కూడా.

నవ్వులు ఆగాక కొండమ్మ అడిగింది. "మరి ఇది మనుషులకి ఎప్పుడిత్తారు?"

ముందు జంతువుల మీద, ఆ తర్వాత పెద్దాసుపత్రుల్లో ఒప్పుకున్నవాళ్ల మీద, ఆ తర్వాత అనుమతులు, కొన్నేళ్లు పడుతుందని చెప్పాను. అసలు అంతదాకా రాకుండా మధ్యలోనే ఆగిపోవచ్చని కూడా చెప్పాను. ఆవిడ నింపాదిగా విని, కూతురి తల మీద చెయ్యి వేసింది.

"మా గుంట నర్సు సదువుతానంటాది. ఇది సదివి మన కొండకి వచ్చీసరికి, ఆ బీరువాలో ఇది ఉంటాదా?"

 నేను నోరు తెరిచేలోపే నాయుడుగారు సుమతి చేతిలో చెయ్యి వేసి, "ఉంటాది తల్లీ, నువ్వు బేగి సదువు" అని మాటిచ్చేశారు.

సుమతి ఇప్పుడు ఆరో తరగతి. వైజాగ్ దిగేలోపు బస్సులో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను: ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, ఇంటరు రెండేళ్లు, నర్సింగు నాలుగేళ్లు. మాకున్నది పదేళ్లు. ఆదివారమని కూడా చూడకుండా ఇద్దరం ఇంటికి వెళ్లకముందే ల్యాబు తాళం తీశాం.